పిలిచిన ఎద్దుకు కుడుములు

వాట్సాప్‌లో వచ్చే పిలుపులు నాకు పడవు. తెర మీద ఒక దీపం వెలుగుతుంది, వినాయకుడు గిర్రున తిరుగుతాడు, సన్నాయి మోగుతుంది, పూలు రాలుతాయి. ఇంతా అయ్యాక గానీ ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలియదు. మొన్న అట్లాంటి పిలుపు ఒకటి నమ్మి, మా కాలేజీలో పనిచేసే ఒకాయన గృహప్రవేశానికి ఆదిలాబాద్ పోయాను. భోజనాల వేళకే పోయాను. ఆ ఒక్క విషయంలో నేను ఎప్పుడూ ఆలస్యం చెయ్యను. అన్నం అయిపోయిందన్నారు. పెరుగుందన్నారు. గిన్నె మూత తీసి చూపించారు కూడా. ఆ ఇంటాయన నా భుజం మీద చెయ్యేసి, ఇంతమంది వస్తారనుకోలేదు సార్ అన్నాడు. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ పంపాడట. పిలవడమైతే పిలిచాడు గానీ, పిలిస్తే వస్తారన్న సంగతి ఆయనకు తట్టలేదు.

బస్టాండు దగ్గర మిర్చీలు తిని ఇంటికొచ్చాను. ఒక పూట ఆకలి పెద్ద సంగతేం కాదు. కానీ పిలిచి పెట్టకపోవడమనే విషయంలో నాకు ముందునుంచే ఒక పాత కోపం ఉంది. అది ఆ మిర్చీలతో కలిసి మళ్లీ పైకొచ్చింది. కోపం గురించి రాసేటప్పుడు చల్లగా రాయాలంటారు. చూస్తాను.

మాది బోథ్ దగ్గర ఒక ఊరు. ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు. అన్న వ్యవసాయం చూస్తాడు. పత్తి, సోయా వేస్తాడు. నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, అంటే ఇంట్లో ఏ పనికీ రాని మగవాణ్ని నేనే. అన్నకు ఒక్కతే బిడ్డ, నేను చెప్పబోయే సంగతి జరిగిన ఏడు నాలుగో తరగతి. నాకూ ఒక బిడ్డ, అది అప్పుడే అంగన్‌వాడీ వదిలి బడికి పోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒక్క తల్లి పిల్లల్లాగే పెరిగారు. దెబ్బలు మాత్రం ఏ తల్లి చేతికి దొరికితే ఆ తల్లి దగ్గర తినేవాళ్లు.

మా దిక్కు పొలాల అమాస ఎడ్ల పండుగ. పండుగ ముందురోజు సాయంత్రం ఎద్దును కడిగి, మెడ మీద కాడి ఆనే చోట వెన్నా పసుపూ కలిపి మోదుగాకుతో రుద్దుతాం. ఏడాది పొడుగునా అక్కడ మోసిన బరువుకు మేమిచ్చే మందు అంతే. రుద్దాక దాని చెవి దగ్గర నోరు పెట్టి, ఇయ్యాల పిలుస్తున్నం, రేపు అన్నానికి రా, అని చెప్పాలి. తెల్లారి దానికి పని చెప్పకూడదు, ఒంటికి కట్టె తగలనివ్వకూడదు. కొమ్ములకు రంగు వేసి, వీపు మీద అద్దాల గుడ్డ కప్పి, ఊళ్లో కట్టిన తోరణం కింద అందరి ఎడ్లతోపాటు జతగా నిలబెట్టి, ఆంజనేయుడి గుడి చుట్టూ తిప్పి ఇంటికి తేవాలి. ఇంటి ఆడవాళ్లు దాని కాళ్లు కడిగి పోలెలు, అంటే బొబ్బట్లు, పెడతారు. అది తిన్నాకే ఇంట్లో మనుషులు తినాలి.

మా ఆవిడది జమ్మికుంట. పత్తి మార్కెట్ యార్డు పక్కన పుట్టి పెరిగిన మనిషి. ఆమెకు తెలిసిన ఎద్దు బండిని లాక్కొచ్చి, బస్తాలు దించేదాకా నిలబడి, మళ్లీ లాక్కుపోయేది. పెళ్లయిన కొత్తలో మా అన్న ఎద్దు చెవిలో వంగి మాట్లాడుతుంటే చూసి, "పత్రిక గూడ కొట్టిస్తే అయిపాయె గద" అంది. మరుసటి ఏడు ఎవరూ చెప్పకుండానే వెన్న తీసి పెట్టింది. మా ఇంట్లో ఆమె ఒప్పుకున్న మొదటి విషయం అదే. ఇంకోదాని కోసం నేను ఇంకా చూస్తున్నాను.

మాకు ఒక జత ఉండేది, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ఆ ఎండాకాలం తెల్లదాన్ని పాము కరిచింది. జత పోయిన ఎద్దుకు పనుండదు. ఎర్రది ఒక్కటే కొట్టంలో నిలబడి తినేది. అంతలో అన్న ట్రాక్టర్ తెచ్చాడు. అది వచ్చినప్పటినుంచి అన్న ఎర్రెద్దు వైపు చూసే చూపు, మా ప్రిన్సిపాల్ నా వైపు చూసే చూపు లాగే ఉండేది.

అయినా ముందురోజు సాయంత్రం ఎర్రెద్దును కడిగాం. పిల్లలిద్దరూ మోదుగాకులు పట్టుకొని తలో దిక్కు నిలబడ్డారు. నా బిడ్డకు ఎద్దు మెడ అందదు కాబట్టి ముందరి కాలికి పసుపు రాసింది. చెవిలో చెప్పాల్సింది ఇంటి యజమాని. అన్న ట్రాక్టర్ మీద కూర్చొని ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పిలిస్తే చెయ్యి ఊపి, "నువ్వే చెప్పు బిడ్డా, నువ్వు చెప్పినా ఒకటే" అన్నాడు.

అన్న బిడ్డకు ఎవరూ ఎప్పుడూ ఇంత పెద్ద పని ఇవ్వలేదు. ఆమె పోయి మొదట నోరు కడుక్కొని వచ్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎద్దును నువ్వు అనాలా, మీరు అనాలా అని అడిగింది. పెద్దవాళ్లను పిలిచేటప్పుడు ఎట్లా పిలుస్తావో అట్లా పిలువు అన్నాను. ఎద్దు తనకన్నా ముందే ఈ ఇంటికి వచ్చింది కాబట్టి అది పెద్దదే అని తేల్చుకుంది. ముక్కాలి పీట ఎక్కి, చెవి దగ్గర రెండు చేతులూ అడ్డం పెట్టి, "రేపు మా ఇంటికి అన్నానికి రాండ్రి" అంది. అది ఉండేదే మన ఇంట్లో కదా, మళ్లీ మా ఇంటికి అంటావేమిటి అన్నాను.

"అది కొట్టంల ఉంటది గద కాకా. ఇంట్లకు ఎన్నడన్న పిలిచినమా?"

ఎర్రెద్దు చెవి విదిలించింది. ఈగ వాలి ఉంటుంది. ఆమె మాత్రం దాన్ని సరేనన్నట్టుగా తీసుకుంది. పీట దిగాక, పిలిచినవాళ్లే వండాలా అని అడిగింది. వండితే మర్యాద అన్నాను. అయితే తెల్లారి తన చేత్తోనే ఏదో ఒకటి చేస్తానంది.

పండుగ పొద్దున వదినా మా ఆవిడా పోలెలకు కూర్చున్నారు. పోలెల దగ్గరికి పిల్లల్ని రానివ్వరు. పూర్ణం రుబ్బాలి, చేతి మీద పల్చగా సాగదీయాలి, పెనం మీద చిరగకుండా తిప్పాలి. ఓపిక లేనివాళ్లకు అక్కడ చోటు లేదు. కాబట్టి పిల్లల్నీ నన్నూ కలిపి ఒక మూలకు, చిన్న స్టవ్ దగ్గరికి తోలారు. మాకు ఇచ్చిన పని కుడుములు. మా ఇంట్లో కుడుములంటే ఎవరు చేసినా వచ్చేవి. ఆ లెక్కన అది నా స్థాయికి తగ్గ వంట.

బెల్లం నీళ్లు మరిగించాలి. నానబెట్టిన శనగపప్పు ఒక గుప్పెడు, నాలుగు ఇలాచీలు వెయ్యాలి. మంట తగ్గించి బియ్యప్పిండి పోస్తూ కలుపుతూ ఉండాలి. ఆ కలపడం దగ్గరే నేను ఎప్పుడూ దొరికిపోతాను. ఆ రోజూ పిండి ఉండలు కట్టింది. ఇవి ఉండలు కావు, లోపల పెట్టిన జీడిపప్పు అని పిల్లలకు చెప్పాను. చిన్నది నమ్మి ఒక ఉండను ఏరుకొని నోట్లో వేసుకుంది, కాసేపు ఆలోచించింది, ఉమ్మేసి నా వైపు చూసింది. అప్పటినుంచి అది నేను చెప్పేవి రెండోసారి వేరేవాళ్లను అడిగి గానీ నమ్మడం లేదు.

అంతకుముందు నీళ్లలో బెల్లం వేసేటప్పుడు, గడ్డ కొంచెం పక్కన పెట్టబోతే పెద్దది నా చెయ్యి పట్టుకుంది.

"మొత్తం ఎయ్యి కాకా. షుగర్ నీకున్నది, ఎద్దుకు లేదు."

పిండి చల్లారాక కుడుములు పట్టాం. ఇది పిల్లలకు తగిన పని. ముద్దను పిడికిట్లో పెట్టి ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలితే చాలు, కుడుము తయారు. దాని మీద నాలుగు వేళ్ల గుర్తులు పడతాయి. అందుకే మా వంటింట్లో ఏ కుడుము ఎవరిదో చూడగానే చెప్పొచ్చు. నా బిడ్డ పిడికిలి రేగుపండంత. అది పట్టినవి ఆవిరి మీద పెడితే రంధ్రాల్లోంచి జారిపడేట్టున్నాయి. వాటికి అదే పిల్ల కుడుములని పేరు పెట్టి వేరే వరసలో పేర్చింది. పెద్దది మాత్రం ఒక్కోటి పట్టి, వేళ్ల గుర్తులు సరిగ్గా పడ్డాయో లేదో తిప్పి చూసి, సరిగా రానివి విరిచి మళ్లీ పట్టింది. ఇంత పని ఎందుకు, దానికేం తెలుస్తుంది అన్నాను.

"నిన్న మెడకు రుద్దింది నేనే గద. నా వేళ్లు దానికి ఎరుకలేవా?"

 కుడుములు ఇడ్లీ గిన్నెలో పెట్టి మూత వేశాం. ఇద్దరూ స్టవ్ ముందు గొంతుక్కూర్చొని మూత సందుల్లోంచి ఆవిరి వచ్చేది చూస్తున్నారు. బెల్లం వాసన వంటిల్లంతా పట్టింది. ఆ పొద్దు బాగుంది. అక్కడిదాకా చాలా బాగుంది.

బయట ఏదో ట్రాలీ ఆగిన చప్పుడైంది. అన్న గొంతు, ఇంకెవరిదో గొంతు, హా హా అని అదిలింపులు వినిపించాయి. తోరణం కట్టడానికి వెదురు కర్రలు వచ్చాయనుకున్నాను. నా బిడ్డ చేతులకు పిండితోనే వాకిట్లోకి పోయి తొంగి చూసి వచ్చి, వార్త చదివినట్టు చెప్పింది:

"పెద్దబాపు ఎద్దును గాడిల ఎక్కిచ్చిండు."

మా దిక్కు బండినైనా మోటారునైనా గాడి అనే అంటాం. తోరణం ఉన్నది రెండు వీధుల అవతల. అక్కడికి గాడిలో ఎందుకు తీసుకుపోతారని పెద్దది అడుగుతూనే లేచి ఉరికింది. నేను స్టవ్ ఆర్పి పోయేసరికి ట్రాలీ మలుపు తిరిగిపోయింది. కొట్టంలో గుంజ ఉంది, పలుపు లేదు. ఎర్రెద్దు ఎప్పుడూ మెడ రాసుకునే గోడకు నిన్నటి పసుపు అంటుకొని ఉంది.

అన్న ట్రాక్టర్ పక్కన నిలబడి తువ్వాలతో చేతులు తుడుచుకుంటున్నాడు. చెప్పాల్సింది చెప్పాడు. వాగు అవతలి ఊళ్లో ఒకాయన ఎడ్లలో ఒకటి మొన్న కుంటిదయిందట. ఆయనది ఎర్ర జత. తోరణం కింద జత లేకుండా నిలబడటం ఆయనకు నామోషీ. మన ఎర్రెద్దు సంగతి ఎవరో చెప్పారట, నిన్న సాయంత్రం నుంచి ఫోన్ చేస్తున్నాడట. అంటే బిడ్డ పీట ఎక్కి ఎద్దు చెవిలో మాట్లాడుతున్నప్పుడు, తండ్రి ట్రాక్టర్ మీద కూర్చొని మాట్లాడింది ఆ ఫోన్‌లోనే. పొద్దు ఎక్కక ముందే పంపితేనే కొంటానన్నాడట. మంచివాళ్లు, బాగా చూసుకుంటారు అన్నాడు.

అన్నీ విని ఆ పిల్ల ఒక్కటే అంది.

"నేను అన్నానికి పిలిచిన బాపు."

అన్న నవ్వాడు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు; ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

"ఆడ గూడ పెడ్తరు బిడ్డా అన్నం. పండుగ ఆడ లేదా ఏంది?"

ఈ మాట విన్నప్పుడు నాకు కొంచెం ఇబ్బంది కలిగింది అని రాసి, అది చదువుకొని, ఇప్పుడే కొట్టేశాను. నాకు ఒళ్లు మండింది. చేతిలో గరిటె ఉంది కాబట్టి దాన్ని పట్టుకొనే మాట్లాడాను. ఎద్దు అన్న సొత్తు, అమ్మడం ఆయన ఇష్టం. ఏడాది పొడుగునా అమ్ముకోవచ్చు. రేపు అమ్మొచ్చు. పిలిచిన తెల్లారే, తిండి పెట్టకముందే తోలెయ్యడం ఏమిటని అడిగాను.

"రేపు ఎవలికి గావాలె ర? వాళ్లకు జత గావాల్సింది ఇయ్యాల. గిరాకి ఉన్నప్పుడే అమ్మాలెనని కాలేజీల చెప్పేది నువ్వే గద."

"నేను ఎడ్ల సంగతి చెప్పలే."

"ఏదైతేంది? నీ పాఠం ఇని బాగుపడ్డోడు నేనొక్కన్నే."

పక్కింటి గోడ మీద చేతులు ఆనించి చూస్తున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. మంచి గిరాకి టైంల ఇడిపిచ్చుకున్నడు అని ఒకాయన అన్నాడు. మా ఇంట్లో ఒక రోగం ఉంది. నవ్వు వచ్చిందంటే ఇంక ఆ మాట ముగిసినట్టే. ఇన్నేళ్లూ ఆ ఆట ఆడి గెలిచింది నేను. ఆ రోజు అన్న ఆడాడు, నేను గరిటెతో నిలబడ్డాను.

అన్నకు ఊళ్లో ప్రాక్టికల్ మనిషని పేరు. ఆ మాటను మా వాళ్లు తెలుగు మాటలాగే వాడతారు, మెచ్చుకోలుగానే వాడతారు. ప్రాక్టికల్ మనిషికి ఎద్దు చెవిలో చెప్పే మాట ఒక ఆచారం, అంటే చెప్పేదాకానే దాని పని. తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. నేను కూడా దేవుణ్ని గట్టిగా నమ్మేవాణ్ని కాను. ఎద్దుకు తెలుగు వచ్చని కూడా నమ్మను. కానీ ఆ ఇంట్లో ఒక మనిషి నిన్న సాయంత్రం నోరు కడుక్కొని మాటిచ్చింది. ఆ మాట ఇవ్వమని చెప్పింది కూడా తండ్రే. నువ్వు చెప్పినా ఒకటే అన్నాడు. ఒకటే అయితే ఇద్దరి మాటా ఒకేసారి పోయింది.

వంటింట్లో వదిన పోలె వత్తుతూనే ఉంది.  తర్వాత ఎవరివైపూ చూడకుండా, నాతోని గూడ ఒక మాట అనలే, ఎద్దు వంతుకని పూర్ణం ఎక్కువ రుబ్బిన, అంది. ఆమె పక్కన మా ఆవిడ ఆ రోజు ఒక్క జోకు వెయ్యలేదు. నన్నూ వెయ్యనివ్వలేదు.

కుడుములు మాత్రం బాగా ఉడికాయి. మూత తీస్తే వేళ్ల గుర్తులు కొంచెం ఉబ్బి, మెరుస్తూ కనిపించాయి. పెద్దది ఒక్కోటి తీసి వెదురు బుట్టలో మోదుగాకు పరిచి పేర్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకొని ఊరడించేవాళ్లు, సంగతి అక్కడితో అయిపోయేది.

మధ్యాహ్నానికి అన్న ట్రాక్టర్ కడిగాడు. దాని ముక్కుకు బంతిపూల దండ కట్టాడు, దీపాలకు బొట్లు పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు. ఊళ్లో ఇప్పుడు సగం ఇళ్లల్లో అదే పద్ధతి, అందులో తప్పు పట్టేదేం లేదు. ఆయన బిడ్డను దగ్గరికి పిలిచి, ఇగ మన ఎద్దు ఇదే, దీనికి తవుడు అక్కర్లేదు, పేడ ఎత్తే పని లేదు అన్నాడు. బుట్టలోంచి ఒక కుడుము తీసి తనే బానెట్ మీద పెట్టాడు. బానెట్ ఏటవాలుగా ఉంది. కుడుము జారి ముందరి చక్రం దగ్గర మట్టిలో పడింది. ఆ పిల్ల వంగి తీసుకొని, ఊది, గౌను అంచుతో తుడిచి, బుట్టలో వేరేగా ఒక పక్కన పెట్టింది.

"అది అన్నం తినది బాపు" అంది.

ఎద్దు తినేదాకా మనుషులు తినకూడదని చెప్పాను కదా. ఆ రోజు ఆ నియమం ఏం కావాలో ఎవరికీ తెలియలేదు. అన్న తేల్చేశాడు. ఎద్దే లేకపోయె, ఇంక ఎవరి కోసం ఆగుడు అని విస్తరి ముందు కూర్చున్నాడు. నెయ్యి వేయించుకొని తిన్నాడు. రుచిగా ఉందని కూడా అన్నాడు. ఆ పిల్ల అరుగు మీద బుట్ట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పిలిస్తే ఆకలి లేదంది. పొద్దుటినుంచి ఒక్క కుడుము కూడా నోట్లో పెట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. నా బిడ్డ తన పిల్ల కుడుములు ఎప్పుడో ముగించింది గానీ, అక్కను చూసి అదీ ఆకలి లేదంది.

నేను స్కూటర్ తీశాను. ఎక్కడికని అన్న అడిగితే, విందుకు పిలిచినవాళ్లను వెతకడానికి అన్నాను. పెట్రోలు దండగ అన్నాడు. వాకిలి దాటేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగితే నా నోట్లోంచి ఏం వచ్చేదో పిల్లలు వినకపోవడమే మంచిది.

చిన్నది ముందు నిలబడింది, పెద్దది వెనక బుట్ట పట్టుకొని కూర్చుంది. రెండు దిక్కులా సోయా పచ్చగా ఉంది. దారిపొడుగునా రంగు కొమ్ముల ఎడ్లే ఎదురొచ్చాయి. కొమ్ములకు బెలూన్లు కట్టినవి, వీపు మీద తళుకుల గుడ్డలు కప్పినవి, నుదుట గవ్వల పట్టీలు. ప్రతి ఎర్ర ఎద్దు దగ్గరా ఆమె నా నడుం మీద చెయ్యి బిగించి, కాదని తెలియగానే వదిలింది. వాగు దగ్గర నీళ్లు తక్కువే ఉన్నాయి, దాటాం.

ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కొత్తగా జత తెచ్చినవాళ్లెవరంటే ఊరంతా చెప్పింది. ఎర్రెద్దు వాకిట్లో ఇంకో ఎర్ర ఎద్దు పక్కన కట్టేసి ఉంది. కొమ్ములకు ఆకుపచ్చ రంగు, మెడలో కొత్త గంట. మాకన్నా బాగా కడిగారు. కాళ్ల దగ్గర ఇంకా నీళ్లు ఆరలేదు, బొట్టు తడిగా ఉంది. తిట్టడానికి దారి పొడుగునా కొన్ని మాటలు సిద్ధం చేసుకున్నాను. అవి అక్కడ వాడేచోటు దొరకలేదు.

ఇంటావిడ పెద్దమనిషి. మమ్మల్ని కూర్చోమని, ఎవరింటివాళ్లమని అడిగింది. చెప్పాను. బుట్టేమిటని పిల్లను అడిగింది. పిల్ల చెప్పింది, నిన్న తను పిలిచిన సంగతి, పొద్దున కుడుములు పట్టిన సంగతి. ఆమె చేతిలో ఉన్న చెంబు కింద పెట్టింది.

"పిలిచిన ఎద్దునా తోలిచ్చింది? మాకెవ్వలు చెప్పలే బిడ్డా. ఎరుకైతే రేపు తోలుకొస్తుంటిమి."

లోపలినుంచి ఆమె భర్త వచ్చాడు, విన్నాడు, తువ్వాల భుజం మార్చుకున్నాడు.   పొద్దుటినుంచి నేను వెతుకుతున్న, నాలాగే కోపమొచ్చిన మనిషి నాకు అక్కడ కూడా దొరకలేదు. ఆ ఊళ్లోనూ నేనొక్కణ్నే.

పిల్ల ఒక కుడుము తీసి అరచేతిలో పెట్టి చాపింది. ఎర్రెద్దు మూతి తెచ్చి వాసన చూసింది. కుడుమును ముట్టలేదు. ఆమె మణికట్టు నాకింది, అక్కడ ఇంకా కొంచెం పసుపు ఉంది. తర్వాత ముఖం తిప్పేసుకుంది. ఇంటావిడ మెల్లగా చెప్పింది. మా ఇంటి పోలెలు తిన్నది, మా మరిది ఇంట్లో కూడా పెట్టారు, ఇంకా పెడితే కడుపుబ్బుతుంది, కోపం తెచ్చుకోకు. బుట్ట ఇక్కడ పెట్టిపో, తెల్లారి నా చేత్తో పెడతా అంది.

ఆ పిల్ల ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, బుట్టనూ ఎద్దునూ మార్చి మార్చి చూసింది.

"పండుగ ఇయ్యాలనే గద" అంది చివరికి. కుడుమును మళ్లీ బుట్టలో పెట్టి మోదుగాకు కప్పింది.

ఇంటావిడ మాకు పోలెలు పెట్టబోయింది. నా బిడ్డ చెయ్యి చాపబోయి, అక్క ముఖం చూసి వెనక్కి తీసుకుంది. ఎంత చెప్పినా ఇద్దరూ తినలేదు. బయలుదేరేముందు పెద్దది ఎద్దు దగ్గరికి పోయింది. అక్కడ పీట లేదు, నేను ఎత్తుకున్నాను. రెండు చేతులూ అడ్డం పెట్టి చెవిలో ఏదో చెప్పింది. వాగు దాటాక ఏం చెప్పావని అడిగాను.

"అన్నానికి రాకుండ్రి అని చెప్పిన. లేకుంటే ఎదురుచూస్తది."

నేను స్కూటర్ వేగం పెంచాను. మాట్లాడితే జోకే వచ్చేది, నాకు ఇంకేం రాదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. వాకిట్లో ట్రాక్టర్ మీద బంతిపూలు వాడాయి. చక్రం దగ్గర కొబ్బరి నీళ్లకు చీమలు పట్టాయి. అన్న పొద్దుటి మనిషిలా లేడు, కొంచెం తగ్గి ఉన్నాడు. వదిన ఆ మధ్యాహ్నం ఆయనతో ఏమందో నాకు తెలియదు. ఏమీ అని ఉండదు, అదే గట్టిగా తగిలి ఉంటుంది. వసారాలో తన పక్కన ఒక పీట వేయించాడు. కంచంలో పోలె పెట్టించి, నెయ్యి తన చేత్తోనే పోశాడు. మా వైపు కాకుండా బిడ్డ వైపే చూస్తూ పిలిచాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం నేను తక్కువసార్లు విన్నాను.

"రా బిడ్డా. పొద్దటిసంది ఏం తినలే. అన్నం తిందువు రా."

ఆ పిల్ల గడపలో ఆగింది. బుట్ట దించలేదు. కంచం వైపు చూసింది, నెయ్యి వైపు చూసింది, తర్వాత తండ్రి ముఖంలోకి చూసింది.

"ఎద్దును గూడ గిట్లనే పిలిచినం బాపు."